కుడిచేతి గడియ, ఎడమచేతి మనిషి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా కామారెడ్డిలో జరిగిన మన సంఘం కామారెడ్డి, ఎల్లారెడ్డి శాఖల ఉమ్మడి సమావేశంలో, పోలీసు శాఖలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం.)



డిసెంబరు 17 అంటే మనందరికీ నకారా గారి కేసు గుర్తుకు వస్తుంది. 1982లో అదే రోజున సుప్రీం కోర్టు, పెన్షన్ అనేది దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. దాని మీద ప్రతి సంవత్సరం మాట్లాడే పెద్దలు వేదిక మీదే ఉన్నారు కాబట్టి నేను ఆ జోలికి పోను. కార్యదర్శి గారు "మీ వృత్తి గురించి ఏదైనా చెప్పండి, ఇప్పటిదాకా ఎవరూ చెప్పనిది" అన్నారు. నా వృత్తి తుపాకులు తుడవడం, విప్పడం, బిగించడం, రిజిస్టర్లో రాయడం. నా సర్వీసంతా అదే పని. పిల్లలు, ఆడవాళ్ళు కూర్చున్న సభలో తుపాకుల గురించి ఏం చెప్పాలా అని వారం రోజులు ఆలోచించి, చివరకు ఒక చిన్న ఇనుప ముక్క గురించి చెబుదామని వచ్చాను. అది పిస్టల్ మీద ఉండే గడియ. మేము సేఫ్టీ క్యాచ్ అంటాము. బొటనవేలి గోరంత ఉంటుంది. దాని వల్ల ఒక మంచి ఆఫీసరుకు ఇంక్రిమెంటు పోయింది. అందులో నా సంతకం కూడా ఉంది.

మొదట ఆ గడియ సంగతి చెప్పనివ్వండి. మేము ఎక్కువగా చూసినది ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారయ్యే 9 ఎం.ఎం. పిస్టల్. దాని అసలు మూలం బ్రౌనింగ్ హై-పవర్ అనే బెల్జియం పిస్టల్. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికా ఆయన దానికి రూపకల్పన మొదలుపెట్టి, 1926 నవంబరులో బెల్జియంలోనే పనిచేస్తూ కన్నుమూశాడు. సైవ్ అనే బెల్జియం ఇంజనీరు దాన్ని పూర్తి చేయగా 1935లో ఆ దేశపు సైన్యం తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడాలోని ఇంగ్లిస్ కంపెనీ తయారు చేసింది. ఆ బాటలోనే మన దేశానికి వచ్చింది. మ్యాగజైన్‌లో 13 తూటాలు పడతాయి. చాలా గట్టి పిస్టల్, నమ్మకమైనది. దాన్ని తిట్టడానికి నేను ఇక్కడ నిలబడలేదు.

దాని వెనక భాగాన, ఎడమ పక్కన ఈ గడియ ఉంటుంది. పైకి నెడితే లోపల ట్రిగ్గరుకూ హ్యామరుకూ మధ్య ఉండే కొక్కెం కదలకుండా బిగుసుకుంటుంది. అప్పుడు ట్రిగ్గర్ ఎంత లాగినా పేలదు. కిందికి నెడితే పేలడానికి సిద్ధం. కుడి చేత్తో పిస్టల్ పట్టుకున్న మనిషికి బొటనవేలు సరిగ్గా ఆ గడియ మీదే వాలుతుంది. ఇంట్లో తలుపు మూస్తూ మూస్తూ గడియ వేసినట్టు, పట్టు సడలకుండా పని అయిపోతుంది.

ఇప్పుడు అదే పిస్టల్ ఎడమ చేతిలో పెట్టండి. బొటనవేలు కుడి పక్కకు పోయింది. అక్కడ నున్నటి ఇనుము తప్ప ఏమీ లేదు. గడియ అవతలి పక్కన, చూపుడువేలి మొదట్లో ఉండిపోయింది. దాన్ని అందుకోవాలంటే పట్టు వదిలి బొటనవేలిని వెనక నుంచి తిప్పాలి, లేదా రెండో చెయ్యి తేవాలి. రెండో చేతిలో టార్చి లైటు ఉంటే? సైకిల్ హ్యాండిల్ ఉంటే? ఎవరినైనా పట్టుకుని ఉంటే?

ఇది ఒక్క పిస్టల్ సంగతి కాదు. 303 రైఫిల్ బోల్టు పిడి కుడి పక్కన ఉంటుంది. ఎడమ భుజానికి పెట్టి కాల్చేవాడు ప్రతి తూటాకూ తుపాకీ మీదుగా చెయ్యి చాచాలి. ఎస్.ఎల్.ఆర్. గడియ కూడా కుడి బొటనవేలి కోసమే పెట్టారు. బ్రిటన్ సైన్యం 1985లో తెచ్చుకున్న రైఫిల్ అయితే ఇంకా విడ్డూరం. దాన్ని ఎడమ భుజానికి పెట్టి కాల్చడానికే వీల్లేదు, ఖాళీ తొడుగులు కుడివైపు నుంచి ఎగిరి మొహానికే తగులుతాయి. అక్కడి ఎడమచేతి సిపాయిలందరూ కుడి భుజం నేర్చుకోవలసిందే.

ఇందులో ఎవరి కుట్రా లేదు. పాత సైన్యాల్లో వరుసలో నిలబడ్డవాళ్ళందరూ ఒకే పక్కకు తిరగాలి, ఒకే భుజానికి ఎత్తాలి. వేలకు వేలు తయారు చేసేటప్పుడు ఒకే నమూనా చవక. పదిమందిలో తొమ్మిదిమంది కుడిచేతివాళ్ళు. పదోవాణ్ణి బడిలోనే పంతులు బెత్తంతో మార్చి పంపేవాడు, మిగిలినవాణ్ణి డ్రిల్ ఉస్తాద్ మార్చేవాడు. అందుకని లెక్కలో ఎడమచేతివాడు కనబడేవాడే కాదు.

మన ఇళ్ళల్లో చూడండి. వరికోత కొడవలి పండ్లు ఒక పక్కకే దీరి ఉంటాయి. పుర్రచేతి వాటం మనిషి దాంతో కోస్తే కంకులు తెగవు, జారతాయి. కత్తెర కూడా అంతే. మన కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో బీడీలు చేసే అక్కలను అడగండి, తునికాకు కత్తిరించే కత్తెర ఎడమ చేతికి ఇస్తే ఆకు మడత పడుతుంది గానీ తెగదు. ఆ అమ్మాయికి పనితనం లేదని అంటారు. నిజానికి కత్తెర రెండు రెక్కలూ కుడి చేతి ఒత్తిడికే దగ్గరికి వస్తాయి. ఎడమ చేతి ఒత్తిడికి దూరం జరుగుతాయి. మా మేనకోడలు ఒకతె ఆ మాట తెలియక ఏళ్ళ తరబడి తిట్లు తిన్నది.

విచిత్రం ఏమిటంటే ఎద్దుల దగ్గర మనకు ఈ తెలివి ఉంది. మా నాయన వలపట అలవాటైన ఎద్దును దాపట కట్టేవాడు కాదు. సంతలో కొనేటప్పుడే "ఇది ఏ పక్క నడుస్తది?" అని అడిగేవాడు. అదే నాయన మా తమ్ముడు ఎడమ చేత్తో ముద్ద ఎత్తితే వీపు మీద ఒకటి వేసేవాడు. ఎంగిలి, శుభం, అశుభం అనే మాటలు వేరు. వాటిమీద నేను తగువు పెట్టుకోను. కానీ చేతిలో ఆయుధం ఉన్నప్పుడు విషయం ముద్ద దగ్గర ఆగదు.

ఇక నేను చెప్పదలచిన సంఘటనకు వస్తాను. ఎప్పుడు, ఎక్కడ అన్నది చెప్పను. అప్పటి రోజులు ఎలాంటివో పెద్దలకు తెలుసు. రాత్రిపూట స్టేషన్ గేటు దగ్గర ఇసుక బస్తాలు, లోపల అందరికీ నిద్ర లేకపోవడం. ఒక యువ ఎస్.ఐ. గారు ఉండేవారు. ఎడమ చేత్తో రాసేవారు, ముత్యాల్లాంటి దస్తూరి. శిక్షణలో కుడి చేత్తో కాల్చి పాసయ్యారు. రేంజిలో, పగటి వెలుగులో, ఉస్తాద్ పక్కన నిలబడి చెబుతుంటే ఎవరైనా కుడి చేత్తో కాలుస్తారు. రాత్రి భయమైనప్పుడు మనిషికి పుట్టుకతో వచ్చిన చెయ్యే ముందుకు వస్తుంది.

ఒక రాత్రి రౌండ్లు తిరిగి తెల్లవారుజామున స్టేషన్‌కు వచ్చారు. పిస్టల్ చాంబర్‌లో తూటా ఉంది, హ్యామర్ లేచి ఉంది, గడియ వేసి ఉంది. లోపలికి వచ్చాక ఖాళీ చేయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది, దయచేసి వినండి. ఆ పిస్టల్లో గడియ వేసి ఉంటే స్లైడ్ కూడా బిగుసుకుపోతుంది. తూటా బయటకు తీయాలంటే ముందు గడియ తీయక తప్పదు. అంటే సురక్షితం చేయడానికి మొదటి మెట్టు, ఉన్న రక్షణను తీసేయడం. కుడిచేతివాడికి బొటనవేలి కదలికతో అయిపోయే పని. ఎస్.ఐ. గారు పిస్టల్ ఎడమ చేత్తో పట్టుకున్నారు. కుడి చెయ్యి అడ్డంగా తెచ్చి గడియ కిందికి నొక్కారు. ఆ ఒత్తిడికి ఎడమ చెయ్యి బిగిసింది. చూపుడువేలు ఉండకూడని చోట ఉంది. పేలింది.

తూటా షాబాదు బండకు తగిలింది. బండ పెంకు ఒకటి లేచి అక్కడున్న కానిస్టేబుల్ పిక్కకు తగిలింది. రెండు కుట్లు పడ్డాయి. దేవుడి దయవల్ల అంతకు మించి ఏమీ కాలేదు.

ఎస్.ఐ. గారి తప్పు లేదని నేను అనను. ముందు మ్యాగజైన్ తీయాలి. ఆ పిస్టల్‌లో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయని ఏర్పాటు కూడా ఉంది. ఆ ఒక్క పని ముందు చేసి ఉంటే ఏమీ జరిగేది కాదు. వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు. గొట్టం ఇసుక బస్తా వైపు ఉండాలి. ఈ మూడూ ఆయనకు తెలుసు. కుడిచేతివాళ్ళు కూడా ఈ తప్పులు చేశారు, నేను చూశాను.

విచారణ వచ్చింది. నన్ను ఆయుధం పరీక్షించి రిపోర్టు ఇమ్మన్నారు. విప్పాను, చూశాను, బిగించాను. ఫారంలో ప్రశ్నలు ఇలా ఉండేవి: ఆయుధము సక్రమ స్థితిలో ఉన్నదా? ఉన్నది. సేఫ్టీ క్యాచ్ పనిచేయుచున్నదా? చేయుచున్నది. యాంత్రిక లోపమేమైనా కలదా? లేదు. కింద సంతకం చేశాను. ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆ రిపోర్టు ఆధారంగా ఆయన అజాగ్రత్త వల్లే జరిగిందని తేల్చి, ఒక ఇంక్రిమెంటు క్యుములేటివ్ ఎఫెక్టుతో ఆపారు. క్యుములేటివ్ ఎఫెక్టు అంటే ఏమిటో ఈ సభలో వివరించనక్కర లేదు. ఆ కోత పే ఫిక్సేషన్‌లోకి, అక్కడి నుంచి పెన్షన్‌లోకి, డి.ఆర్.లోకి, రేపు కుటుంబ పెన్షన్‌లోకి కూడా నడిచి వస్తుంది.

ఆ ఫారంలో "ఈ ఆయుధపు గడియ కుడి చేతివారికి మాత్రమే అందును, సదరు ఆఫీసరు ఎడమచేతి వాటం కలవారు" అని రాయడానికి గడి లేదు. గడి లేకపోతే అంచున రాయవచ్చు. రిమార్కుల కింద రాయవచ్చు. నేను రాయలేదు. అడగనిది రాయకూడదని మాకు నేర్పారు, నేనూ నా కింది వాళ్ళకు అదే నేర్పాను. రాసి ఉంటే శిక్ష తప్పేదని గట్టిగా చెప్పలేను. కనీసం క్యుములేటివ్ కాకుండా పోయేదేమో.

ఆ తరువాత కొన్నాళ్ళకు ఎస్.ఐ. గారు నా దగ్గరకు వచ్చి, "అన్నా, ఎడమ పక్కకు హోల్‌స్టర్ దొరకదా?" అని అడిగారు. స్టోరులో ఉన్నవన్నీ కుడి నడుముకు కట్టేవే. మూత కూడా కుడి చేత్తో తెరిచేటట్టే ఉంటుంది. కామారెడ్డిలో నాకు తెలిసిన ఒక చెప్పులు కుట్టే పెద్దాయన ఉండేవాడు. పాత హోల్‌స్టర్ నమూనాగా పట్టుకుపోయాను. ఆయన దాన్ని చూడకముందే అడిగిన ప్రశ్న, "ఏ పక్కకు కట్టుకుంటరు సార్?" అని. నమూనా తోలును తిరగేసి పెట్టి, గీత గీసి కోశాడు. సాయంత్రానికి కుట్టి ఇచ్చాడు. అన్ని కారఖానాల ఇంజనీర్లు అడగని ప్రశ్న ఆయన అడిగాడని నాకు ఆ రోజు అనిపించింది. ఆ మాట కొంచెం అన్యాయం అని తరువాత తెలిసింది. కొందరు అడిగారు. వాళ్ళ సంగతి కూడా చెప్పాలి.

1911లో అమెరికా సైన్యం తీసుకున్న కోల్ట్ పిస్టల్ కూడా ఇదే బ్రౌనింగ్ గారిది. దానికి మొదట పిడి వెనక నొక్కుడు రక్షణ మాత్రమే ఉండేది. చెయ్యి గట్టిగా పట్టుకుంటేనే పేలుతుంది, వదిలితే పేలదు. అది ఏ చేతికైనా ఒకటే, చూడండి. గుర్రపు దళం వాళ్ళు, ఒక చేతిలో కళ్ళెం ఉంటుంది కాబట్టి ఒంటిచేత్తో వేసుకునే గడియ కావాలని అడిగారు. అప్పుడు ఎడమ పక్కన గడియ పెట్టారు. అంటే రెండో చెయ్యి ఖాళీ లేనివాడి కోసం పుట్టిన గడియ, ఎడమచేతివాడికి రెండో చెయ్యి లేకుండా పనికిరాకుండా పోయింది.

ఆ తరువాత చాలాకాలానికి రెండు పక్కలా గడియ పెట్టే ఆలోచన వచ్చింది. ఒక ఇరుసు పిస్టల్‌కు అడ్డంగా ఇటు నుంచి అటు పోతుంది, రెండు చివరలా రెండు చిన్న పిడులు. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. బెల్జియం వాళ్ళే 1980ల మొదట్లో తమ హై-పవర్‌కు ఈ ఏర్పాటు చేశారు. అమెరికా సైన్యం 1985లో కోల్ట్‌ను పక్కన పెట్టి తీసుకున్న బెరెట్టాకు రెండు వైపులా గడియ ఉంది. 2017లో దాని స్థానంలో ఎంపిక చేసిన సిగ్ పిస్టల్‌కూ ఉంది. పాత హై-పవర్ తయారీ ఆగిపోయాక, 2022లో అదే కంపెనీ కొత్త రూపంలో తెచ్చినప్పుడు గడియ, స్లైడ్ ఆపే పిడి అన్నీ రెండు చేతులకూ అందేటట్టు చేసింది.

వినడానికి సులువుగా ఉంది గానీ పనివాడి కన్నుతో చూస్తే చిక్కులు ఉన్నాయి. కుడి నడుముకు పిస్టల్ కట్టుకున్నవాడికి ఎడమ పక్క గడియ ఒంటివైపు దాగి ఉంటుంది. రెండో గడియ పెడితే అది బయటివైపు వస్తుంది. జీపు తలుపుకు, కుర్చీ చేతికి రాసుకుని తనంతట తాను కిందికి జారవచ్చు. చూసుకోకపోతే రక్షణ పోయిన సంగతి కూడా తెలియదు. ఇంకా, కుడిచేతివాడి చూపుడువేలి మొదలు కుడివైపు పిడికి తగిలి ఇబ్బంది పెడుతుంది. అందుకని కొందరు అవతలి పిడిని సన్నగా, పొట్టిగా చేస్తారు. రెండు ముక్కలు నాలుక, గాడి పెట్టి కలిపితే కొన్నాళ్ళకు అతుకు అరిగి ఒక పక్క పూర్తిగా కదలక ముందే రెండో పక్క ఆగిపోతుంది. స్ప్రింగ్ మరీ మెత్తగా ఉంటే తనకు తాను జారుతుంది, మరీ గట్టిగా ఉంటే చెమట పట్టిన బొటనవేలికి కదలదు. ఈ కొలత కుదర్చడమే అసలు విద్య.

ఇంకో చిక్కు దిశ. కోల్ట్‌లో, హై-పవర్‌లో గడియ పైకి ఉంటే రక్షణ. బెరెట్టాలో కిందికి ఉంటే రక్షణ. మీ అబ్బాయిలు అమెరికా నుంచి వచ్చినప్పుడు చూసే ఉంటారు. మన ఇళ్ళల్లో స్విచ్చి కిందికి వేస్తే లైటు వెలుగుతుంది, అక్కడ పైకి వేస్తే. వచ్చిన మొదటి రెండు రోజులు గోడ దగ్గర తడబడతారు. లైటు దగ్గర తడబడితే నవ్వుకుంటాం. అందుకే ఒక చోట రెండు రకాలు కలిపి ఇవ్వకూడదని నేను ఎప్పుడూ వాదించేవాణ్ణి. కొన్నిసార్లు విన్నారు కూడా.

కొందరు ఇంజనీర్లు ఈ తగువే వద్దని గడియను తీసేశారు. ఆస్ట్రియా సైన్యం 1982లో తీసుకున్న గ్లాక్‌కు బయట గడియ లేదు. ట్రిగ్గర్ మధ్యలోనే చిన్న నాలుక ఉంటుంది, వేలు సరిగ్గా దాని మీద పడితేనే కదులుతుంది. ఏ చెయ్యి అయినా ఒకటే. అయితే వేలు అదుపులో లేనివాడికి అది ఏ అడ్డూ కాదు. మన పాత రివాల్వర్‌కు కూడా గడియ లేదు, బరువైన లాగుడే దానికి కాపలా.

సభలో బ్యాంకు గార్డుగా చేసిన మిత్రులు ఉన్నారు, లైసెన్సు తుపాకీని ఎన్నికలప్పుడు స్టేషన్‌లో జమ చేసిన పటేళ్ళూ ఉన్నారు. మీ జంట గొట్టాల 12 బోరు తుపాకీని గుర్తు తెచ్చుకోండి. చాలావాటికి గడియ ఎక్కడుంది? మెడ మీద, నడిమధ్యన. ముందుకు జరిపితే సిద్ధం, వెనక్కి లాగితే భద్రం. కుడి బొటనవేలికీ, ఎడమ బొటనవేలికీ సమాన దూరం. అడవి పందుల కాపలాకు పొలానికి పోయే రైతు చేతిలో ఉన్నది ఏ చేతికైనా సరిపోయింది, ఉద్యోగం కోసం ఆయుధం పట్టినవాడి చేతిలో ఉన్నది సరిపోలేదు. పిస్టల్‌లో నడిమధ్యన స్లైడ్ పరుగెత్తుతుంది కాబట్టి అక్కడ గడియ పెట్టడం కష్టమని నాకు తెలుసు. అయినా ఆ తుపాకీ తుడిచినప్పుడల్లా మనసులో అనుకునేవాణ్ణి.

ఒకరికోసం తొమ్మిదిమందికి ఇబ్బంది ఎందుకని అడిగేవారు ఉన్నారు. కుడిచేతివాడికి కుడి చేతికే దెబ్బ తగిలితే ఏం చేస్తాడు? అప్పుడు ఆయన కూడా ఎడమచేతివాడే. ఈ సంగతి గ్రహించాకే సైన్యాలు రెండో గడియకు డబ్బు ఖర్చు పెట్టాయని నా అభిప్రాయం. పదోవాడి మీద జాలితో మాత్రం కాదు.

నేను రిటైరైన చాలాకాలానికి, ఒక నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి పోయినప్పుడు ఆ ఎస్.ఐ. గారు వరుసలో కనబడ్డారు. ఆయన ఇంకా పై హోదాలో రిటైరయ్యారు. నేను అలవాటుగా "నమస్తే సార్" అన్నాను. "ఇంకా సార్ ఏందన్నా" అని చెయ్యి పట్టుకున్నారు. పక్కన కూర్చోబెట్టుకుని ఆ రిపోర్టు సంగతి ఎత్తాను. రాయవలసింది రాయలేదు, క్షమించండి అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఇరవై ఏండ్ల సంది లెక్క వేస్తున్న అన్నా, నెలకు ఎంత పోయిందో. మా ఇంటామె ఆ లెక్క నన్ను మరిచిపోనియ్యది" అన్నారు. కోపంగా అనలేదు. క్షమించానని కూడా అనలేదు.

ఆయన వంతు వచ్చింది. చెయ్యి కొద్దిగా వణుకుతోంది, సంతకం పాతదానితో కలవలేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపి, "వేలిముద్ర వేయండి సార్" అన్నది. ఆయన అలవాటుకొద్దీ, గవర్నమెంటు పని కదా అని, కుడి బొటనవేలు చాచారు.

"అది కాదు సార్, మగవాళ్ళకు ఎడమ బొటనవేలు" అన్నది ఆ అమ్మాయి.

ఆయన నావైపు తిరిగి నవ్విన నవ్వు నాకు ఇంకా కళ్ళ ముందు ఉంది. వరుసలో వెనక ఉన్నవాళ్ళకు ఎందుకు నవ్వుతున్నామో అర్థం కాలేదు.